కుమ్మరోళ్ళ కాడ దొరికే బంకమన్ను: పిల్లలకి ఇంతకంటే మంచి ఆట సామాను నాకైతే దొరకలే

చిన్న పిల్లలకి ఏం కొనియ్యాలె అని అడిగినోళ్ళందరికి నేను ఇదే చెప్తున్న, మీ దగ్గర్ల కుండలు చేసేటోళ్ళ ఇల్లు ఎక్కడున్నదో కనుక్కొని ఒక ముద్ద తడి మన్ను తెచ్చుకోండి. మేము ఉండేది హనుమకొండల, ధర్మసాగర్ పోయే దిక్కు ఒక ఊర్లకెళ్ళి తెచ్చుకుంటం. రూ.50 కి ఇద్దరు పిల్లలకి వారం పది రోజులు సరిపోయేంత ముద్ద ఇస్తరు, పిల్లలు ఎంటొస్తే ఇంకింత చేతుల పెడ్తరు.

ముందు మన్ను సంగతి చెప్త. ఎక్కడ పడితే అక్కడ తవ్వుకొచ్చిన మన్ను కాదు ఇది. చెరువు మన్ను తెచ్చి ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, నానబోసి, కాళ్ళతోని తొక్కుతరు, అందుల సన్న ఇసుక కొంచెం కలుపుతరు, అందుకే చేతికి రాళ్ళు తగలయి, ఆరినంక గూడ జల్దిన పగులు రాదు. ఇదే నల్లరేగడి అయితే తడి మీద మస్తు మంచిగనే ఉంటది గని ఆరంగనే గుంజుకపోయి నెర్రెలు బాస్తది. ఈ మన్ను చపాతి పిండి లెక్క ఒత్తంగనే ఒత్తుకుంటది, నాలుగేండ్ల పిల్ల చేతి బలానికి గూడ లొంగుతది.

దీనికంటే ముందు రంగురంగుల క్లే డబ్బాలు ఆన్‌లైన్‌ల తెప్పించినం, కంపెనీ పేరు ఎందుకు లెండి. అయి బాగలేవని కాదు, చేతులకి అంటుకోవు, ఇల్లు ఖరాబు కాదు. కాని డబ్బా మీద ఒక డైనోసార్ బొమ్మ ఉంటది, లోపల అచ్చులు ఉంటయి, పిల్లగాడు అచ్చుల నొక్కి తీస్తడు, అది డబ్బా మీది బొమ్మ తీరు రాకపోతే "అమ్మా నువ్వు చెయ్యి" అని తెచ్చి నా చేతుల పెడ్తడు, నేను చేసిస్త, ఆట అయిపోయింది. మూత సరిగ్గ పెట్టకపోతే తెల్లారేసరికి రాయి అయితది, అది వేరే కథ. ఒక ఎండకాలం సమ్మర్ క్యాంపుకి గూడ పంపినం, ఆఖరి రోజు పిల్లలు చేసినయని టేబుల్ మీద పెట్టిన్రు, ఏనుగులు అన్ని ఒక్క తీరే ఉన్నయి, చెవులు గూడ ఒక్క సైజే. పిల్లల చెయ్యి ఎక్కడ పడ్డదో నాకు కనపడలే, నాకు నిజంగ బాధ అయింది.

ఈ మన్ను ముద్ద మీద ఏ బొమ్మా ఉండదు, ఎట్ల చెయ్యాల్నో రాసిన కాయితం ఉండదు, నాకు అసలు నచ్చింది అదే. మొదట్ల మా చిన్నోడు ఊకె గుద్దిండు, పొడుగ్గ సాపిండు, మళ్ళ గుద్దిండు, బొమ్మ చెయ్యాలన్న సోయే లేదు. చానా మంది తల్లులు ఇక్కడే "వీనికి ఇంట్రెస్ట్ లేదు" అని పక్కన పెడ్తరు, జర ఆగాలె. ఈ వయసుల పిల్లలు ముందు చేసి తర్వాత పేరు పెడ్తరు, గుద్దంగ గుద్దంగ ఒక తావుల ఎత్తుగ లేస్తే "గుట్ట" అన్నడు, దానికి బొటనవేలు తోని బొక్క చేసి "గుహ" అన్నడు, ఇగ గుహల ఎవరుంటరు అని వాడే అడుగుడు, వాడే చెప్పుడు.

మా అమ్మోళ్ళది నిర్మల్ దిక్కు. అక్కడ శ్రావణ అమావాస్యకి, అదే పొలాల అమావాస్యకి, ఎడ్లని కడిగి కొమ్ములకి రంగులేసి పూజ చేస్తరు, ఎడ్లు లేనోళ్ళు మట్టి ఎడ్లు తెచ్చి పెట్టుకుంటరు. అమ్మమ్మ చెప్పింది విని మా చిన్నోడు గూడ ఎద్దు చేసిండు. పెద్ద గుండ్రం తలకాయ, ఆ తలకాయకే నాలుగు కాళ్ళు, నడుమ పెయ్యి (ఒళ్ళు) అన్నదే లేదు. కొమ్ములకి చీపురు పుల్లలు ఇరిచి గుచ్చిండు, కండ్లకి చింతగింజలు. నాలుగైదేండ్లల పిల్లలు మనిషిని గీస్తే గూడ తలకాయకెళ్ళే కాళ్ళు గీస్తరు, ఎక్కడి పిల్లలైనా అంతే, ఆ వయసుల అది తప్పు కాదు. అదే టైముల మా చుట్టం ఒకాయన వచ్చి "ఇట్ల కాదురా, ఎద్దుకి పెయ్యి ఏది, ఇటు తే" అని తీస్కొని సరిజేసిండు. బొమ్మ మంచిగనే అయింది, పిల్లగాడు మాత్రం లేచి పోయిండు, ఆ దినం మళ్ళ మన్ను ముట్టలే. అందుకే మా ఇంట్ల ఇప్పుడు "ఇదేంది" అని అడుగం, "దీని ముచ్చట చెప్పు" అంటం, ఇగ ఆ ఎద్దు ఎక్కడికి పోతుంది, ఏం తిన్నది, అన్ని చెప్తడు.

పెద్దదానికి ఎనిమిదేండ్లు. సంక్రాంతికి నాయనమ్మ సకినాలు చుట్టంగ పక్కన కూసొని వేళ్ళ నడుమ పిండి మెలి తిప్పుడు నేర్చుకున్నది, అదే పని మన్నుతోని చేసింది. ఒక చుట్టు మీద ఒక చుట్టు పేర్చుకుంట పోయి, సందులల్ల బురద నీళ్ళు రాసి, గురిగి చేసింది. ఎవరు చెప్పలే దానికి. సారె (కుమ్మరి చక్రం) లేకుండ కుండ చేసే పాత పద్ధతుల్ల ఇదొకటి, ఆ ముచ్చట నేను తర్వాత చెప్తే దాని మొఖం చూడాలె. దువ్వెన తోని గీతలు, గాజు నొక్కి గుండ్రాలు, రావి ఆకు ఒత్తి ఈనెలు, ఇట్ల ఇంట్ల ఉన్న సామానంత మన్ను మీదికి వచ్చింది.

2020 జాతీయ విద్యా విధానంల 3 నుంచి 8 ఏండ్ల పిల్లల చదువు ఆటల తోనే నడవాలె అని రాసిన్రు, 2023 ఫిబ్రవరిల ఆ వయసు పిల్లల కోసమే జాదూయీ పిటారా అని ఆటబొమ్మలు, పజిల్స్, కథల పుస్తకాలు ఉన్న పెట్టె గూడ తెచ్చిన్రు. మంచిదే. ఆ పెట్టె మన బడికి వచ్చేదాంక మన్ను అయితే మన ఊర్లనే ఉన్నది గద.

ఇబ్బందులు గూడ చెప్పాలె. ప్యాకింగ్ ఏం ఉండదు, పాత బకెట్ ఒకటి, తడి గోనె సంచి ఒకటి మీరే తీస్కపోవాలె. ఇంట్ల తడి బట్ట చుట్టి మూత ఉన్న డబ్బాల పెట్టాలె, ఎండినా పర్వాలేదు, దంచి నీళ్ళు పోస్తే మళ్ళ మన్నే, కాల్చనంత వరకు ఎన్నిసార్లైనా వాడొచ్చు. చేతులు కడిగిన నీళ్ళు సింకుల పోయకండి, పైపు జామ్ అయితది, చెట్లకి పోయండి. రెండేండ్ల లోపు పిల్లలు నోట్లె పెట్టుకుంటరు, పక్కన మనిషి ఉండాల్సిందే. బట్టలు ఖరాబు అయితయి, పాతయి ఏసి కూసోబెట్టుడే.

చేసినయి కాల్చిస్తరా అని అడిగితే మన్ను ఇచ్చే కుమ్మరి పెద్దాయన గురిగి తీసుకున్నడు, ఎద్దుని తీసుకోలే. "లోపల మందం ఉన్నది బిడ్డా, తడి ఉంటే ఆవంల (కుండలు కాల్చే బట్టీల) పేల్తది, పక్క కుండలని గూడ పగలగొడ్తది" అన్నడు. లోపలి తడి ఆవిరై ఒక్కసారి బయటికి తన్నుకొస్తది కాబట్టి అట్ల అయితదట. కాల్చాలనుకుంటే లోపల బోలుగ, సమానం మందం ఉండేటట్టు చేసి, నీడల మంచిగ ఆరబెట్టి తీస్కపోండి. మా చిన్నోడు ఎద్దు కాలలేదని మొండికేస్తే, పోని నువ్వు ఒకసారి సారె తిప్పు రా అని కూసోబెట్టుకున్నడు, అంత ఓపిక ఏ క్లాసుల దొరుకుతది.

5 కి 4.5 ఇస్త. ఆ అర ఎందుకు తగ్గించిన్నంటే వాన పడితే మన్ను ఉంటదో ఉండదో తెల్వదు. పొలాల అమావాస్య అయిన నాలుగు రోజులకే వినాయక చవితి, అప్పుడు మట్టి గణపతుల పనిల వాళ్ళకి తీరిక ఉండదు, దీపావళి ముందు ప్రమిదల గిరాకి. చలికాలంల పోండి, పొద్దుగాల పోండి, ఎండకాలం నీళ్ళ కుండలు, అదే రంజన్ల పని మొదలు కాకముందే.