సాగర్ దిక్కు గాలం ట్రిప్పులకు పోయేటోళ్లు పైలం: ‘గైడ్ ఇనాం’ పేరుతో వసూళ్లు

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్, డిండి, సోమశిల వైపు శని, ఆదివారాల్లో గాలం ట్రిప్పులు బుక్ చేసుకునేవాళ్లు ఈ సంగతి చూసుకోండి. ప్యాకేజీ పైసలన్నీ ముందే కట్టించుకొని, గట్టుకు చేరినంక ‘గైడ్ ఇనాం 20 శాతం’ అని ఇంకో లెక్క తీసే ఏజెంట్లు తయారయ్యారు. ఇవ్వనంటే గొంతు లేపరు. గాలం రాడ్డుకు కట్టిన డిపాజిట్టో, ఆధార్ జిరాక్సో, మీ ఐస్ డబ్బాలోని చేపలో, ఏదో ఒకటి అప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది, ‘లెక్క తెగినంక తీసుకపోండి సార్’ అంటారు. అందరూ అట్లాంటోళ్లని కాదు. కానీ ఆ 20 శాతంలో పుట్టి (గుండ్రటి చిన్న పడవ) నడిపినాయనకు ఎంత ముట్టిందని అడిగి చూడండి, చాలాసార్లు ఆయనకు అసలు ఆ లెక్కే తెలియదు.

మోసం శాతంలో కన్నా, దేని మీద ఆ శాతం వేస్తున్నారన్న దాంట్లో ఉంది. ఇద్దరికి రాత్రి బస, రెండు పూటల భోజనం, కారు, పడవ, గైడ్ అన్నీ కలిపి 12,000 అనుకోండి. ఇందులో నీళ్ల మీద జరిగే పనికి పోయేది 3,500 అనుకుందాం. దాని మీద 20 శాతమైతే 700. మొత్తం ప్యాకేజీ మీద వేస్తే 2,400. అంటే మీరు పడుకున్న గదికి, తిన్న కోడికూరకు, కారు డీజిల్‌కు కూడా ‘గైడ్‌’కు ఇనాం ఇస్తున్నట్టు. కొందరు దీని మీద మళ్లీ జీఎస్టీ కూడా వేస్తున్నారు. మనం మనసుకు తోచి చేతిలో పెట్టే పైసల మీద పన్ను ఉండదు. ఇనాం బిల్లులోకి ఎక్కి, దాని మీద పన్ను కూడా పడిందంటే అది కంపెనీ ఆదాయమే, దానికి ఏ పేరైనా పెట్టుకోనీ.

ఈ 20 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘అన్ని దేశాల్లో ఇదే రూలు’ అని దబాయిస్తున్నారు. అమెరికాలో గైడ్‌తో చేపల వేటకు పోతే కిరాయి మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం మామూలే. పిల్లల దగ్గరికి పోయినప్పుడు ఫ్లోరిడాలోనో టెక్సాస్‌లోనో సముద్రం మీదికి పోయినవాళ్లు చూసే ఉంటారు. అక్కడ కెప్టెన్‌కు సాయంగా ఒక మనిషి ఉంటాడు. ఎర గుచ్చడం, తంగూసు (గాలం దారం) చిక్కులు తీయడం, చివరికి చేప కోసి ముక్కలు చేసి సంచిలో పెట్టివ్వడం అన్నీ అతనివే. చాలా పడవల్లో అతని సంపాదనలో పెద్ద భాగం ఆ టిప్పే. పైగా లెక్క పడవ కిరాయి మీదే, హోటల్ గది మీద కాదు. వేట అయిపోయి రేవుకు చేరాక ఇస్తారు. పడవ యజమానే గైడ్ అయినప్పుడు టిప్పు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ కూడా తెగని పంచాయితీ. మన ఏజెంట్లు ఆ పద్ధతిలోంచి శాతం ఒక్కటే ఎత్తుకొచ్చి, మిగతాదంతా అక్కడే వదిలేశారు.

మన దగ్గర మనుషుల ఏర్పాటే వేరు. పుట్టి సాధారణంగా స్థానికంగా చేపలు పట్టుకునే ముదిరాజ్, బెస్త కుటుంబాలవాళ్లది. ఏజెంటు ఆ పూటకు ఆయనతో ఇంత అని మాట్లాడుకుంటాడు. మీరు కట్టిన దాంట్లో ఆయన వాటా ఎంతో మీకు తెలియదు, మీరు విడిగా ఇచ్చే ఇనాం సంగతి ఆయనకు తెలియదు. మధ్యలో ఉన్నాయనకు రెండూ తెలుసు. గట్టు మీద చెట్టుకు కట్టిన ‘స్టాఫ్ టిప్స్’ క్యూఆర్ కోడ్ అందుకే. స్కాన్ చేయగానే వెంటనే పైసలు కొట్టకుండా, తెర మీద వచ్చే పేరు చదవండి. పుట్టి నడిపినాయన పేరు ఎదురుగానే అడగండి. రెండూ కలవకపోతే అక్కడ ఆపేయండి. ‘మా దగ్గర అందరి ఇనాం ఒక్కచోట వేసి పంచుకుంటారు’ అంటే, ఆ ముక్క పడవాయన ముందర అనమనండి. ఆయన ముఖం చూస్తే అర్థమైపోతుంది.

ఇనాం ఇవ్వొద్దని కాదు ఈ పోస్టు. ఇవ్వాలి, బాగా పనిచేసినవాళ్లకు బాగా ఇవ్వాలి. పొద్దుగాల 5 గంటల నుంచి 10 గంటల దాకా ఇద్దరిని తిప్పిన పుట్టి మనిషికి 200 నుంచి 300, సాయంత్రం దాకా ఉంటే 400 నుంచి 500 ఇవ్వడం మా లెక్కలో మర్యాద. గైడ్ వేరే ఉంటే ఆయనకూ అంతే, కానీ విడివిడిగా, ఎవరి చేతిలో వాళ్లకు. ‘ఇద్దరూ తీసుకోండి’ అని ఒకరికే ఇస్తే, గట్టిగా మాట్లాడేటాయన దగ్గరే ఆగిపోతుంది. కుంట గట్టున నిలబడి కొర్రమీనుకు ఎరగా కప్ప బొమ్మ వేయించే కుర్రాడికి 150, 200 ఇవ్వొచ్చు. ఆ పనిలో పడవే లేదు. అయినా కొన్ని బిల్లుల్లో ‘బోట్ సిబ్బంది ఇనాం’ అని పడుతోంది, చూసుకోండి. చేపలు కోయించుకుంటే దాని కూలి వేరు, బజారులో కిలోకు ఎంత ఇస్తామో అంతే.

చేప పడిందా లేదా అని చూసి ఇనాం తేల్చేవాళ్లే ఎక్కువ. అది సరైన కొలత కాదు. నీళ్లు తేటగా ఉన్నా, ఎండ ముదిరినా, రాత్రికి రాత్రి నీటిమట్టం మారినా బొచ్చె చేప నోరు తెరవదు, దానికి గైడ్ ఏం చేస్తాడు. పని చూడండి. ముందురోజు సాయంత్రమే చోటు ఎంచుకొని, నానబెట్టిన పల్లిచెక్క, తవుడు, మట్టి కలిపి ఉండలు చేసి, చేపలు అక్కడ చేరేలా వేశాడా, లేక మీరు వచ్చినంక పొట్లం విప్పి నీళ్లలో చల్లాడా? దారానికి కట్టి నీళ్ల మీద తేలించే బెండు లోతు సరిచేశాడా? గోధుమపిండి ముద్ద గాలానికి గట్టిగా పట్టేలా, విసిరితే ఊడిపోకుండా పెట్టాడా? అన్నిటికన్నా ముఖ్యం, చేప దగ్గరికి వచ్చినప్పుడు చేతివల ఎట్లా పట్టాడో చూడండి. పని తెలిసినాయన వలను ముందే నీళ్లలో ముంచి కదపకుండా ఉంచి, చేప తల దాని మీదికి వచ్చేదాకా ఆగి అప్పుడు లేపుతాడు. తెలియనాయన చేప వెంట వల పట్టుకొని కొడతాడు. చేప బెదిరి పుట్టి కిందికి దూరుతుంది, తంగూసు అంచుకు ఒరుసుకొని తెగుతుంది. ఈ ఒక్క చోటే మనిషి పనితనం సగం తెలిసిపోతుంది. చేప పడని రోజు నాలుగు చోట్లు మార్చి, తెడ్డు వేసి వేసి చెమటలు కార్చినాయనకు, మొదటి విసురుకే బొచ్చె తగిలిన రోజుకన్నా ఎక్కువే ఇవ్వాలి.

ఇంకో రకం వసూలు నీళ్ల మధ్యలో. మరపడవ అయితే ఇంజన్ ఆపేసి, ‘అవతల మంచి చోటుంది, దూరం, చేతి ఖర్చులకు ఇప్పుడే ఏమన్నా చూడండి’ అంటారు. అక్కడ వాదన పెట్టుకోవద్దు. లోతు నీళ్లు, గాలి లేస్తే అల కొడుతుంది, మొసళ్లున్న నది. ‘గట్టెక్కినంక తప్పకుండా ఇస్తాం’ అని ఒక్క మాట అనండి, చాలా సార్లు అంతటితో పోతుంది. పోకపోతే చిన్న మొత్తం ఫోన్‌లోనే పంపండి, నోట్లు ఇవ్వొద్దు. తేదీ, టైము, ఎవరికి పోయిందో రికార్డు అదే అవుతుంది. నల్లమల ఒడ్డున చాలాచోట్ల సిగ్నల్ రాదు కాబట్టి, ‘పోవట్లేదు’ అని తెర చూపించినా అబద్ధం కాదు. లైఫ్ జాకెట్‌కు కిరాయి, ఇనాం అడిగితే మాత్రం ఎక్కకండి. అది పడవతో పాటే రావాల్సిన వస్తువు.

సిగ్నల్ సంగతి వచ్చింది కాబట్టి, గట్టు మీద ఇచ్చే ఇనాంకు వంద, యాభై నోట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి దగ్గర ఉంచుకోండి. లేకపోతే ‘మా మనిషి దుకాణంలో ఫోన్‌పే కొట్టి క్యాష్ తీసుకోండి’ అని పంపిస్తారు, అక్కడ వందకు ఇంత అని కోసుకుంటారు. 500 నోటుకు చిల్లర దొరకదు. దొరకదని అందరికీ తెలుసు.

కిలో లెక్క ఇంకా పెద్ద చిక్కు. సొంత చెరువుల్లో గాలం వేయనిచ్చేవాళ్లు పట్టిన చేపకు కిలో ఇంత అని తీసుకుంటారు, అది న్యాయమే. చెరువు పట్టిన మత్స్యకారుల సొసైటీ తమ చేపకు ధర అడిగినా న్యాయమే. చిక్కేమిటంటే, ఆ ధర కాకుండా ‘కిలోకు 50 గైడ్‌కు’ అని మళ్లీ వేయడం, తూకం తప్పుగా వేయడం. చేపను తడి గోనెసంచిలో పెట్టి కొక్కెం కాటాకు తగిలిస్తారు. నీళ్లు పీల్చిన గోనె ఖాళీగానే కిలోకు అటూ ఇటూ తూగుతుంది. సంచి కింద ధార కారుతూనే ఉంటుంది, కాటా మీద అంకె స్థిరపడక ముందే పైకి చదివేస్తారు. ముందు ఖాళీ తడి సంచి తూకం వేయించండి, తర్వాత చేపతో వేయించి తీసేయండి. లేదా దవడకు తాడు కట్టి నేరుగా వేలాడదీయండి. పట్టి వదిలేస్తామన్నవాళ్ల దగ్గర ‘రిలీజ్ ఇనాం’ తీసుకోవడం కూడా మొదలైంది. చేపను నీళ్లలోకి వదలడానికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

కొన్ని అదనపు ఖర్చులు మాత్రం నిజమైనవే ఉంటాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. ఎండాకాలం నీళ్లు దిగినకొద్దీ రేవు వెనక్కి పోతుంది, కారు ఆగేచోటు నుంచి పుట్టి దాకా బురదలో నడవాలి. ఐస్ డబ్బా, సామాన్లు మోసినవాళ్లకు కూలి ఇవ్వడం ధర్మం, కానీ ముందే మాట్లాడుకోండి. ‘ఫారెస్టోళ్లకు ఇవ్వాలి’ అని అడిగేది మాత్రం అసలు ఒప్పుకోవద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో అనుమతి లేకుండా గాలం వేయడమే నేరం, 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. అనుమతి ఉంటే రసీదు ఉంటుంది. రసీదు లేని పైసలు కట్టి పోతే, పట్టుబడ్డప్పుడు కేసు మీ మీద, ఏజెంటు ఫోన్ స్విచ్ఛాఫ్.

క్వార్టర్ సీసా గురించి కూడా చెప్పాలి. ‘పైసలు వద్దు సార్, ఒక క్వార్టర్ ఇప్పించండి’ అంటే చాలామంది సంతోషంగా ఇప్పిస్తారు, 200కు బదులు అదే అయిపోయిందనుకుంటారు. నీళ్లలో ఉండగా గానీ, ఎక్కే ముందు గానీ ఇవ్వకండి. పుట్టి గుండ్రటిది, తాగిన చేతిలో ఒకవైపే తిరుగుతుంది. ఇచ్చేది గట్టు మీద, పైసల రూపంలో ఇవ్వండి, ఆయన ఏం కొనుక్కుంటాడో ఆయన ఇష్టం. మీకు పడ్డ చేపల్లో ఒకటి ఇవ్వడం బాగానే ఉంటుంది, అయితే అది ఇనాంకు బదులు కాదు. రోజూ చేపలు పట్టే మనిషికి మనమిచ్చే చేప గౌరవమే తప్ప కూలి కాదు.

బుక్ చేసే ముందు వాట్సాప్‌లో ఈ ముక్క పంపించి జవాబు తీసుకోండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి: ‘ఇద్దరికి ఫలానా తేదీ, ఫలానా గంటల నుంచి గంటల దాకా. ఈ ధరలో పడవ, డీజిల్, గైడ్, ఎర, లైఫ్ జాకెట్లు, అనుమతి ఉన్నాయా? గట్టు మీద ఇంకేమైనా కట్టాలా? ఇనాం మా ఇష్టమేనా?’ చివరి ప్రశ్నకు ‘అది అక్కడ చూసుకుందాం’ అని జవాబొస్తే ఇంకొకరిని చూసుకోండి. ‘10 శాతం తప్పనిసరి’ అని ముందే రాస్తే, అది కనీసం దాచనిది. ధరలో కలుపుకొని పోల్చుకోవచ్చు. అడ్వాన్సు సగానికి మించి కట్టొద్దు, ఆధార్ జిరాక్సు మీద ‘గాలం ట్రిప్పు కోసం మాత్రమే’ అని తేదీ వేసి అడ్డంగా రాసి ఇవ్వండి.

ఇప్పటికే కట్టి మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ చార్జీని బిల్లులో వాటంతట అవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అవి తిండి బిల్లుల కోసం ఇచ్చినవి. మీ ప్యాకేజీలో భోజనం బిల్లు రెస్టారెంటు పేరు మీద ఉంటే నేరుగా చూపించొచ్చు. ఆన్‌లైన్‌లో బుక్ చేసినవాళ్లకు 2023 నవంబర్ 30 నాటి డార్క్ ప్యాటర్న్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే ఎత్తుల) మార్గదర్శకాలు పనికొస్తాయి. ముందు ఒక ధర చూపి చివర్లో ఇంకొకటి కలపడం అందులో చెప్పిన 13 రకాల్లో ఒకటి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. జత చేయాల్సినవి నాలుగే: బుకింగ్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ జవాబు, గట్టు మీద తీసిన బిల్లు ఫొటో, ఫోన్‌పే రసీదు. పుట్టి నడిపినాయనను సాక్ష్యానికి లాగొద్దు, ఆయన మళ్లీ వచ్చే శనివారం అదే ఏజెంటు దగ్గరే పనిచేయాలి.