మే నెల ఇంటర్న్‌షిప్: సీనియర్ గారి ఆఫీసా, నేలపాడు హైకోర్టా, హైదరాబాద్ లా ఫర్మా?

లా విద్యార్థికి సెలవులు దొరికేది మే నెలలో. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు వచ్చేదీ ఆ నెలలోనే. విజయవాడ, గుంటూరు విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌లు సగం పాడయ్యేది ఇక్కడే. ట్రయల్ చూద్దామని సివిల్ లాయరు దగ్గర చేరతారు, నెలంతా ఫైళ్ల దుమ్ము దులిపి వస్తారు. అందుకే సీనియర్ ఆఫీసు మేలా, హైకోర్టు మేలా, లా ఫర్మ్ మేలా అని అడిగే ముందు ఏ నెలలో, ఏ సంవత్సరంలో ఉన్నారన్నది చూసుకోవాలి. ముగ్గురికి మూడు జవాబులు రావచ్చు.

ముందు లెక్క తేల్చుకుందాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలు దాటకూడదు. మొత్తం చదువులో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు లాయరు దగ్గరా, అప్పీలు కోర్టు లాయరు దగ్గరా పనిచేసి ఉండాలి. కాబట్టి ఇరవై వారాలూ ఫర్మ్‌ల్లోనే చేసేస్తామంటే కుదరదు. మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదన), ఇంటర్న్‌షిప్ పేపరు ఇంకోటుంది: 100 మార్కుల్లో ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు ట్రయల్ చూసి రాసిన రికార్డుకు 30, క్లయింట్ ఇంటర్వ్యూలు, ట్రయల్‌కు ముందు జరిగే పని, డైరీకి 30. అంటే 60 మార్కుల సరుకు జిల్లా కోర్టు ఆవరణలోనే దొరుకుతుంది. దాన్ని 'ఎక్కడా దొరక్కపోతే చూద్దాం' అని చివరికి నెట్టడం మన కాలేజీల్లో అలవాటు. అది తప్పు.

జిల్లా కోర్టు లాయరు ఆఫీసు

గుంటూరులో ప్రధాన జిల్లా కోర్టే ఉంది. కృష్ణా ప్రధాన జిల్లా కోర్టు మచిలీపట్నంలో ఉన్నా, విజయవాడలో అదనపు జిల్లా కోర్టుల నుంచి మేజిస్ట్రేట్ కోర్టుల దాకా ఉన్నాయి. 2022 ఆగస్టులో ప్రారంభమైన కొత్త భవన సముదాయంలో ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు తిరగడానికి పెద్ద దూరం లేదు. ఇల్లు ఊళ్లోనే ఉంటే అద్దె ఖర్చూ ఉండదు.

ఇక్కడ నేర్చుకోవాల్సిన పని ప్రోనోటు దావా, చెక్కు బౌన్స్ కేసు. చిన్నవని చులకన చేయకండి. ప్రోనోటు దావా ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా చదివితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సగం కళ్లకు కడుతుంది. నోటు తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేశారా? గడువు దాటితే, అది దాటకముందే నోటు వెనక చెల్లు (కొంత డబ్బు కట్టినట్టు రాత) రాయించారా, ఆ చెల్లు కింద సంతకం ఎవరిది? ప్రతివాది 'సంతకం నాది కాదు' అంటున్నాడా, 'ఖాళీ నోటు మీద సంతకం పెట్టిచ్చాను' అంటున్నాడా? మొదటిదైతే నిపుణుడికి పంపమని పిటిషన్ పడుతుంది (పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 45, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 39). రెండోదైతే సంతకం ఒప్పుకున్నట్టే కాబట్టి కథ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 కింద ఉన్న ఊహ (తప్పని రుజువయ్యేదాకా ప్రతిఫలం ముట్టిందనే కోర్టు అనుకోవడం) చుట్టూ తిరుగుతుంది. నోటు రాసిన దస్తూరిని, సాక్షిని ఎందుకు పిలుస్తారో, వాళ్లను క్రాస్‌లో ఏం అడుగుతారో ఒక్కసారి కోర్టులో కూర్చుని వింటే చాలు.

చెక్కు కేసులో తారీఖులే ప్రాణం. చెక్కు తిరిగొచ్చిందన్న బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అవి దాటిన నెలలోపు కంప్లయింట్. ఖాతాలో వేసిన చెక్కయితే డబ్బు రావాల్సిన వ్యక్తి ఖాతా ఉన్న శాఖ ఎక్కడో అక్కడి కోర్టులోనే వేయాలి. 2015 సవరణ తర్వాత చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. ఫైలు చేతికిస్తే మొదట ఈ మూడు తేదీలూ ఒక కాగితం మీద రాసి సీనియర్ ముందు పెట్టండి. చెప్పకముందే ఆ పని చేసిన ఇంటర్న్‌ని రెండో రోజు నుంచి జూనియర్‌లా చూస్తారు.

పని దొరకని ఇంటర్న్‌లూ ఉంటారు, దానికి కారణముంది. ఉదయం 10:30కి కాల్ వర్క్ (ఆ రోజు కేసులు పిలవడం) మొదలయ్యాక సీనియర్‌కు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, మీకు పాఠం చెప్పే సమయం అసలుండదు. నేర్చుకునేది సాయంత్రం ఆఫీసులో, మర్నాటి ఫైళ్లు తీసేటప్పుడు. గుమాస్తా గారితో స్నేహంగా ఉండండి. రిటర్న్ అయిన దావా ఏ ఆబ్జెక్షన్ మీద వెనక్కొచ్చిందో, కాపీ అప్లికేషన్ ఎక్కడ వేయాలో, బెంచ్ క్లర్క్ దగ్గర ఏం అడగాలో, ఏం అడగకూడదో ఆయనకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. సాయంత్రం సీనియర్ మొహం చూసి ఇళ్లకెళ్లిపోయే ఇంటర్న్‌లకు చివర్లో చేతికి సర్టిఫికెట్ తప్ప ఇంకేం రాదు.

మే నెలలోనే చేయాల్సి వస్తే క్రిమినల్ ప్రాక్టీసు ఉన్న ఆఫీసు చూసుకోండి. మేజిస్ట్రేట్ కోర్టులు నడుస్తూనే ఉంటాయి, రిమాండ్లు, బెయిళ్లు ఆగవు. సివిల్ లాయరైతే జూన్ రెండో వారం తర్వాతో, సంక్రాంతి సెలవులు అయ్యాకో వెళ్లడం నయం. కాలేజీ నడుస్తుండగా వెళ్తే మాత్రం హాజరు చూసుకోండి, బార్ కౌన్సిల్ నియమం 70 శాతం.

నేలపాడు

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి వేరుగా పనిచేస్తోంది, ఆ ఏడాది మార్చిలో నేలపాడుకు మారింది. విజయవాడ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, గుంటూరు నుంచి ఇంకాస్త ఎక్కువ. సొంత బండో, సీనియర్ కారులో చోటో లేకపోతే రోజూ రానుపోను అలసటే. కాలేజీ గుర్తింపు కార్డు, సీనియర్ ఇచ్చిన లేఖ దగ్గరుంచుకోండి. హైకోర్టుకూ వేసవి సెలవులున్నాయి, ఆ రోజుల్లో సెలవు బెంచీలు మాత్రమే కూర్చుంటాయి.

సాక్షిని విచారించడం ఇక్కడ మీకు కనిపించదు. కనిపించేది కాగితం మీద వాదన ఎలా నిలబడుతుందో. రెండు నిమిషాల్లో ఒక రిట్ (అధికారుల చర్యను సవాలు చేసే పిటిషన్) అడ్మిషన్ దశ దాటుతుంది, లేదా 'ప్రత్యామ్నాయ మార్గం ఉంది కదా' అన్న ఒక్క మాటతో ఆగిపోతుంది. తహసీల్దారు నోటీసివ్వకుండా పాసుపుస్తకంలో పేరు మార్చాడనుకోండి. 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద సెక్షన్ 5(5)లో ఆర్డీవో దగ్గర అప్పీలు, సెక్షన్ 9లో రివిజన్ ఉన్నాయి. అవన్నీ ఉండగా నేరుగా ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు రిట్‌తో ఎందుకొచ్చావంటే, సహజన్యాయం పాటించలేదని అఫిడవిట్లో ఏ పేరాలో ఎలా రాశారో చూపగలగాలి. ఈ ఒక్క పేరా రాయడం నేర్చుకుంటే నాలుగు వారాలు దండగ కానట్టే.

ఇంటర్న్ రాసిన రిట్ డ్రాఫ్టుల్లో తప్పులు ఎప్పుడూ అవే. సవాలు చేస్తున్న ఉత్తర్వు తేదీ ఒక చోట ఒకటి, ప్రేయర్‌లో (కోర్టును కోరే ఊరట రాసే చోట) ఇంకొకటి. ఆ ఉత్తర్వు కాపీయే జతచేసిన మెటీరియల్ పేపర్లలో ఉండదు. ప్రతివాదుల వరసలో తహసీల్దారు ముందు, ప్రిన్సిపల్ సెక్రటరీ చివర. మధ్యంతర ఉత్తర్వు అడిగిన పిటిషన్‌లో అసలు రిట్‌లో లేని ఊరట. ఇవన్నీ పంపేముందు పదిహేను నిమిషాల్లో సరిచూసుకోగలిగినవే.

క్రిమినల్ వైపు వెళ్తే ఇంకో గొయ్యి ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482 అంటే కేసు కొట్టేయమని అడిగే సెక్షను. భారతీయ నాగరిక సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిలు, కొట్టివేత 528కి పోయింది. పాత తీర్పు చదివి కొత్త పిటిషన్‌లో '482 కింద కొట్టేయండి' అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీర్పుల ఎంపికలోనూ జాగ్రత్త: 2018 డిసెంబర్ 31 వరకు ఉన్నది హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు, ఆ తర్వాతి తెలంగాణ హైకోర్టు తీర్పులు మన దగ్గర ఒప్పించడానికి పనికొస్తాయి గానీ కట్టుబాటు కావు.

లా ఫర్మ్

ఫర్మ్‌కు మే, జూన్ అన్న తేడా లేదు. సెలవుల్లోనూ తలుపులు తెరిచే ఉంటాయి, అందుకే దేశంలోని అన్ని జాతీయ లా విశ్వవిద్యాలయాల పిల్లలూ ఆ నెలల మీదే పడతారు. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖైతాన్, ఏజెడ్‌బీ, ట్రైలీగల్ వంటి పెద్ద పేర్లకు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలలు ముందనుకుంటే క్షేమం. మధ్యరకం హైదరాబాద్ ఫర్మ్‌లకు రెండు, మూడు నెలలు చాలు. రెండో ఏడాదిలో ముంబై ఫర్మ్‌లకు యాభై మెయిళ్లు పంపేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కంపెనీ లా, ఆస్తి బదిలీ చట్టం, కాంట్రాక్టులు చదవకుండా వెళ్తే అక్కడ చేయగలిగింది ఫార్మాటింగ్ ఒక్కటే. ఐదేళ్ల కోర్సులో నాలుగో ఏడు, మూడేళ్ల కోర్సులో రెండో ఏడు చివర సరైన సమయం.

మన వాళ్లు దరఖాస్తులో రాయని ఒక బలం ఉంది. హైదరాబాద్ ఫర్మ్‌ల రియల్ ఎస్టేట్ విభాగాల్లో టైటిల్ రిపోర్టులంటే (ఆస్తి హక్కు ఎవరిదో తేల్చే నివేదికలు) ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, అడంగల్, 1బి వంటి భూరికార్డులు, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఎ నిషేధిత జాబితా. అందులో పాత దస్తావేజులు చేతిరాత తెలుగులో ఉంటాయి. ఢిల్లీ నుంచో పుణె నుంచో వచ్చిన ఇంటర్న్ అక్కడ ఆగిపోతాడు. 'చేతిరాత తెలుగు దస్తావేజులు చదివి ఇంగ్లీషులో సారాంశం, లింకుల పట్టిక తయారు చేయగలను' అన్న వాక్యం మీ సీవీలో 'నాయకత్వ లక్షణాలు' అన్న పదం కన్నా పది రెట్లు పనిచేస్తుంది. ఇది రాయాలంటే ముందు గుంటూరులోనో బెజవాడలోనో ఒక సీనియర్ దగ్గర అలాంటివి పది చదివి ఉండాలి, లేకపోతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

దరఖాస్తు సంగతి క్లుప్తంగా. సీవీ ఒక పేజీ, పీడీఎఫ్‌లో, ఫైలు పేరులో మీ పేరు. మెయిల్ సబ్జెక్టులో ఇంటర్న్‌షిప్, ఏ సంవత్సరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ. లేఖ 150 పదాలు మించకూడదు. 'మీ ప్రతిష్ఠాత్మక సంస్థ' అన్న మాట తీసేయండి, ఏ విభాగంలో ఎందుకో రెండు వాక్యాలు రాయండి. రెండు పేజీల రాత నమూనా జతచేయండి, క్లయింట్ల పేర్లు, సర్వే నంబర్లు చెరిపేసి. ఒకరికి రాసిన లేఖ ఇంకొకరికి పంపి, పాత ఫర్మ్ పేరు లోపలే వదిలేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే ప్రమాదం. పది పనిదినాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, చాలు.

లోపలికి వెళ్లాక మీకిచ్చేది రీసెర్చ్ నోటు. ప్రశ్న, నాలుగు వాక్యాల జవాబు, ఆ తర్వాతే చర్చ. తీర్పుల హెడ్‌నోట్ (పైన ఇచ్చే సారాంశం) ఎత్తి అతికిస్తే పని ఇచ్చిన అసోసియేట్ లాయరుకు మొదటి పేజీలోనే తెలుస్తుంది. ఏఐ ఇచ్చిన సైటేషన్‌ను తెరిచి చూడకుండా పెట్టడం ఇంకా ఘోరం. లేని కేసు ఒక్కటి బయటపడితే ఆ నోటులో మిగతావన్నీ చెత్తబుట్టకే.

ఎవరికి ఏది

మూడేళ్ల కోర్సులో ఉండి బెజవాడలోనే ప్రాక్టీసు అనుకుంటే 12 వారాల్లో ఎనిమిది జిల్లా కోర్టులో, నాలుగు నేలపాడులో పెట్టండి, ఫర్మ్ మాట మరిచిపోండి. జడ్జి పరీక్ష మీద కన్నున్నా అంతే: సివిల్ జడ్జి ప్రవేశ స్థాయి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది, ఇంటర్న్‌షిప్ వారాలు ఆ లెక్కలోకి రావు. మీరు ఎలాగూ మూడేళ్లు గడిపే ఆఫీసును ఇంటర్న్‌గా ముందే చూసి ఎంచుకోవడం తెలివైన పని. కార్పొరేట్ ఉద్యోగమే కావాలంటే ఐదేళ్లలో మొదటి రెండేళ్లు జిల్లా కోర్టు, మూడో ఏడు హైకోర్టు, చివరి రెండూ ఫర్మ్. ఈ వరస తిప్పితే ఫర్మ్‌కు చూపించడానికి రాత నమూనా ఉండదు. పెద్ద ఫర్మ్ దొరక్కపోయి మధ్యరకం హైదరాబాద్ ఫర్మ్ దొరికితే వెనకాడకండి. పదిమంది లాయర్ల ఆఫీసులో మీ నోటు నేరుగా పార్ట్‌నర్ చదువుతారు.

ఎక్కడికెళ్లినా కొన్ని మామూలే. తెల్ల చొక్కా, తెల్ల లేదా నల్ల ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు, నల్ల బూట్లు. గౌను, బ్యాండ్లు లాయర్లవి, వేసుకోకండి. వాయిదా అడగమని ఎవరు తోసినా బెంచ్ ముందు నిలబడి అడగకండి. ఎన్‌రోల్ కాని వ్యక్తి ప్రాక్టీసు చేస్తే 1961 అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 45 కింద ఆరు నెలల వరకు జైలుంది. ఫైలు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల గుమ్మం ఎక్కకండి.

డైరీ మాత్రం ఏ రోజుది ఆ రోజే. తేదీ, కోర్టు, ఓఎస్ (సివిల్ దావా) లేదా సీసీ (క్రిమినల్ కేసు) నంబరు, కేసు ఏ దశలో ఉంది, ఏం జరిగింది, ఎందుకు. 'వాయిదా పడింది' అని రాసి ఊరుకోకండి. సాక్షి రాలేదా, సమన్లు పంపడానికి స్టెప్స్ తీసుకోలేదా, ప్రిసైడింగ్ ఆఫీసర్ (జడ్జి) సెలవా రాయండి. వారానికోసారి సీనియర్ సంతకం తీసుకోండి. చివరి రాత్రి ఒకే పెన్నుతో నాలుగు వారాలు రాసిన డైరీని వైవాలో పేజీ తిప్పగానే పట్టేస్తారు, ఎందుకంటే అందులో ఆదివారం కూడా కోర్టు నడిచి ఉంటుంది.