సత్యభామను ముగ్గురికి పంచిన భామాకలాపం

నెల్లూరు కస్తూర్బా కళాక్షేత్రంలో ఒక కూచిపూడి బృందం రెండు సాయంత్రాలు ఆడింది. మొదటి రోజు దశావతారాలు, మహిషాసురమర్దిని. పన్నెండు మంది కలిసి తీర్మానం (ముగింపు అడుగుల వరస) ముగిస్తే ఒక్క గజ్జె కూడా వెనకబడలేదు. సాధన గట్టిది. అసలు మాట్లాడుకోవాల్సింది రెండో రోజు ఆడిన, కృష్ణుడి భార్య సత్యభామ గర్వం, విరహం చుట్టూ తిరిగే భామాకలాపం గురించి.

సత్యభామ వేషాన్ని ముగ్గురికి పంచారు. ప్రవేశదరువు (పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట) ఒకరికి, విరహం ఒకరికి, కృష్ణుడికి రాసే లేఖ మరొకరికి. శిష్యులందరికీ అవకాశం రావాలన్న గురువుగారి మనసు అర్థమవుతుంది. కానీ తెర మీదుగా జడ విసిరి 'భామనే సత్యభామనే' అంటూ వచ్చిన ఆ గర్వమే లేఖ దగ్గర కరగాలి. మిడిసిపడింది ఒకరు, కరిగింది ఇంకొకరు అయితే చూసేవాళ్లకు ఏం మిగులుతుంది? సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ గారైనా, శోభానాయుడు గారైనా వేషం మొత్తం ఒక్కరే మోశారు.

ఎంపిక అడుగుల్ని చూసి చేసినట్టుంది, గొంతును చూసి కాదు. కలాపానికి సగం బలం వాచికం, అంటే నటులు పలికే మాట. ఇక్కడ సత్యభామ మాటలన్నీ రికార్డు. లేఖ తీసుకెళ్లాల్సిన చెలికత్తె మాధవి అందుకు బదులుగా ముక్కెర అడగగానే సభ ఘొల్లుమంది. ఆ నవ్వు తగ్గేదాకా రికార్డు ఆగదు కదా, సత్యభామ జవాబు అందులో కలిసిపోయింది. సూత్రధారుడు, మాధవి రెండూ వేసిన పెద్దాయన మాత్రం మాటలు స్వయంగా చెప్పారు. ముక్కెర వైపు వేలు చూపించి, అడగాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు నోరు విప్పారు. ఆ ఆగడం రికార్డుతో రాదు.

నాటకాల ఎంపిక మారితే పాత్రల చిక్కూ తీరుతుంది. కావలి జవహర్ భారతిలో పాఠాలు చెప్పిన ఎస్వీ భుజంగరాయశర్మ గారు కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారికి రాసిచ్చిన 'క్షీరసాగర మథనం' ఉంది. దేవతలు, రాక్షసులు, శివుడు, మోహిని, రాహువు: ఇరవై మందికి నిండుగా పని. ఒకరి వేషం కోసి ఇంకొకరికి పెట్టనక్కర్లేదు. మన జిల్లా మాట మన వేదిక మీద వినబడుతుంది కూడా.

గుళ్లోనో సభలోనో వీళ్లను పెట్టించుకునేవాళ్లు పదిమంది కలిసి ఆడే యక్షగానమైతే ధైర్యంగా పిలవండి. భామాకలాపమైతే సత్యభామ ఒక్కరేనా, గాత్రం, నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించేది), మృదంగం, వయొలిన్ రికార్డు కాకుండా ఎదురుగా కూర్చుంటాయా అని ముందే అడిగి ఒప్పుకోండి. మైకు హారానికి తగిలిస్తే కదిలినప్పుడల్లా గరగరమంటుంది, పాపిట దగ్గర జుట్టులో దాచమనండి. వేదిక అంచున పెట్టే మైకులు గజ్జెల మోతే ఎక్కువ పట్టుకుంటాయి.