మీ కాలేజీలో జర్నలిజం లేదా? మారాలా, ఉండాలా?

బీకాం రెండో ఏడాది కుర్రాడొకడు ఈమధ్య ఫోన్ చేశాడు. "అన్నా, మా కాలేజీలో జర్నలిజం లేదు. ఆ సబ్జెక్టు ఉన్నచోటికి మారిపోనా, ఇక్కడే ఉండి పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊరి వార్తలు పంపే విలేకరిగా చేరనా?" నేనూ బీకామే. పన్నెండేళ్లుగా పత్రిక డెస్కులో కాపీలు, అంటే రిపోర్టర్లు రాసి పంపే వార్తలు దిద్దుతున్నాను.

మారడం దండగ. ఏడాది పోయే ప్రమాదం, పైగా హాస్టల్ ఖర్చు. ఇంతా చేస్తే డిగ్రీలో జర్నలిజం మిగతా సబ్జెక్టుల పక్కన ఒకటి, అంతే. పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు ఏ డిగ్రీ అయినా చాలంటాయి. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో పీజీకీ డిగ్రీలో జర్నలిజం చదివి ఉండక్కర్లేదు. పల్లెల మీద రాసి 2007లో మెగసెసే అవార్డు అందుకున్న జర్నలిస్టు పి.సాయినాథ్ ఢిల్లీ జేఎన్‌యూలో చదివింది చరిత్ర.

బీకాం ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. మార్చి వచ్చిందంటే "మున్సిపాలిటీకి మిగులు బడ్జెట్" అని కాపీలు వస్తాయి. కాగితం తెప్పించి చూస్తే కిందటేడు ఖర్చు కాకుండా ఉండిపోయిన ప్రారంభ నిల్వను కూడా జమలో కలిపేసి ఉంటారు. అది తీసేస్తే మిగులు కాస్తా లోటు. ఈ ముక్క పట్టుకునే రిపోర్టర్లు తక్కువ. అకౌంట్స్ చదివినవాడికి అది రెండు నిమిషాల పని.

ఇక కంట్రిబ్యూటర్ పని. నేర్పడంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. నా మొదటి వార్త మా వార్డులో కుళాయి నీళ్ల గురించి. రెండు పేజీలు రాసిస్తే ఆరు లైన్లు అచ్చయింది. నీళ్లు ఎన్ని రోజులుగా రావడం లేదో ఎక్కడో చివర రాశాను, డెస్కువాళ్లు దాన్ని మొదటి లైన్లోకి తెచ్చారు. ఇంట్రో, అంటే అసలు విషయం చెప్పే మొదటి లైను ఏమిటో ఆ రోజు తెలిసింది.

కానీ చాలాచోట్ల కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. అది పెట్రోలుకే చాలదు. ఆగస్టు 15 దగ్గర పడితే పేపర్‌కు ఇన్ని యాడ్స్ తేవాలన్న టార్గెట్ టెన్షన్. పొద్దున సర్పంచ్ దగ్గర యాడ్ అడిగి, సాయంత్రం ఆయన వేయించిన రోడ్డు గుంతల గురించి ఏం రాస్తాం? ఇరవై ఏళ్లకే ఆ మొహమాటం అలవాటైతే తర్వాత వదలదు. అందుకే సెలవుల్లో ఎవరైనా సీనియర్ వెంట తిరగమంటాను, యాడ్స్ తెచ్చే బాధ్యత మాత్రం నెత్తినేసుకోవద్దంటాను. అంతకంటే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద ఓ దరఖాస్తు మేలు. పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితం చూసి వార్త రాయడమే అసలు ప్రాక్టీసు.

డిగ్రీ అయ్యాక పత్రిక స్కూలా, యూనివర్సిటీయా? తెలుగులో రాసి బతకాలంటే నా ఓటు పత్రిక స్కూలుకే. నేర్పుతూ స్టైపెండ్ ఇస్తారు, బాగా చేస్తే డెస్కులో కుర్చీ దొరుకుతుంది. ప్రవేశ పరీక్షలో చాలామంది బోల్తా పడేది ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదంలో, కాబట్టి రోజూ ఓ ఇంగ్లిష్ వార్త తెలుగు చేయాలి. కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయించుకోవడమూ ఉంది, చదివి సంతకం పెట్టండి. పాఠాలు చెప్పాలనో, పీఆర్ (ప్రజా సంబంధాలు) వైపు వెళ్లాలనో ఉంటే యూనివర్సిటీ పీజీ. ఇంగ్లిష్ పత్రికలైతే చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది కానీ ఫీజు బరువు.

ఇదంతా విని కుర్రాడు కాలేజీ మారలేదు. మొన్న వాళ్లూరి బస్టాండు షాపుల వేలం మీద ఓ కాపీ పంపాడు. అద్దె బకాయి ఎంతో నాలుగో పేరాలో ఉంది. తిప్పి పంపాను.