చీలమండకు ప్లేటు పడ్డాక... ఫిజియో ఇంటికి రావాలా, మనమే వెళ్లాలా?

షటిల్ ఆడుతూ ఎగిరి కిందకి దిగేటప్పుడు నా కుడి పాదం లోపలికి మడత పడింది. చీలమండ బయటి వైపు ఎముక విరిగి, ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. డిశ్చార్జి రోజున నర్సు అడిగింది: "ఫిజియో ఇంటికి రావాలా సార్, మీరే క్లినిక్‌కి వస్తారా?" మా ఆవిడా నేనూ మొహాలు చూసుకున్నాం. బెంగళూరు మారతహళ్లిలో మాది రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు.

మొదటి ఆరు వారాలకైతే ఆలోచించే పనే లేదు, ఇల్లే మేలు. నన్ను ఆరు వారాలు పాదం నేలకు ఆనించొద్దన్నారు. ప్లేటు బిగింపు గట్టిగా ఉంటే రెండు వారాలకే బూట్ (చీలమండ కదలకుండా పట్టి ఉంచే పట్టీల బూటు) వేసి బరువు మోపనిచ్చే సర్జన్లూ ఉన్నారు కాబట్టి ఈ లెక్క మీ డాక్టర్‌నే అడగండి. ఆ రోజుల్లో చేసేది వేళ్లు కదపడం, డాక్టర్ సరేనన్నాక పాదాన్ని పైకీ కిందకీ ఆడించడం, కుట్లు మానాక మచ్చ మీద మర్దన, తొడ కండరం కరిగిపోకుండా కాలు నిటారుగా లేపడం. దీనికి మంచం, తువ్వాలు చాలు. క్లినిక్‌కి వెళ్లాలంటే చంకకర్రలతో మెట్లు దిగి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు కాలు వేలాడేసుకుని కూర్చోవాలి. ఒకసారి వెళ్లి చూశాను. ఇందిరానగర్ చేరేసరికి పాదం బూరెలా ఉబ్బింది, సెషన్‌లో సగం ఆ వాపు తగ్గించడానికే పోయింది.

డబ్బు సంగతికొస్తే, ఇంటికొచ్చే ఆయన రోజుకు 800 తీసుకున్నారు, క్లినిక్‌లో 500. కానీ విరిగింది కుడి కాలు, బ్రేక్ తొక్కే కాలు. నేను బండి నడపలేను కాబట్టి రానూపోనూ క్యాబ్ కలిపితే ఇల్లే చవక.

ఇంటి ఫిజియోతో ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. ఆయన కన్నడాయన, మంచి మనిషి. ప్రతిదానికీ "నిధాన, నిధాన" అనేవారు. వచ్చేది వారానికి మూడుసార్లు, నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు మా అత్తయ్య ఇచ్చే కాఫీకే పోయేవి. బూట్ తీశాక హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి బాల్కనీకి నడిచేస్తున్నాను కదా, ఇక అయిపోయిందనుకున్నాను. ఇల్లు చిన్నది కావడంతో లోపం బయటపడలేదు.

ఇప్పుడు వెళ్తున్న క్లినిక్‌లో మొదటి రోజే బయటపడింది. గోడకు కాస్త దూరంలో పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించమన్నారు. ఎడమ కాలు 11 సెంటీమీటర్ల దూరం నుంచి తాకింది, కుడిది 3 దగ్గరే ఆగిపోయింది. ఒంటికాలి మీద మడమ లేపడం ఎడమకు 25 సార్లు, కుడికి రెండు. షటిల్‌లో నెట్ దగ్గర కాక్ అందుకోవడానికి ముందుకు అడుగేస్తే మోకాలు పాదం మీదుగా ముందుకు వంగాలి. చీలమండ బిగుసుకుపోయి ఉంటే మడమ లేచిపోతుంది, లేదా ఆ భారమంతా మోకాలు మోస్తుంది. ఇంట్లో ఈ కొలత ఎవరూ తీయలేదు. తీసినా లెగ్ ప్రెస్, బ్యాలెన్స్ బోర్డు, పక్కకు దూకడానికి చోటు మా హాల్లో ఎక్కడివి?

క్లినిక్‌లన్నీ ఒకటి కావు. నేను ముందు చేరిన చోట రోజూ కాలికి ఇరవై నిమిషాలు కరెంటు పెట్టి, ఫిజియో మిగతా ఆరుగురి దగ్గరికి వెళ్లిపోయేవారు. రెండు వారాలకు మానేశాను. చేరే ముందే రెండు సంగతులు అడగండి: ఒకేసారి ఎంతమందిని చూస్తారు, రెండు కాళ్లనూ కొలిచి పోలుస్తారా?

ఇక యూట్యూబ్ చూసి సొంతంగా చేయడం. సెషన్ లేని రోజుల్లో పర్వాలేదు. మొత్తం దాని మీదే ఆధారపడితే మనకు తెలియకుండానే బరువు మంచి కాలి మీదికి జారిపోతుంది, వీడియోలో మనిషి అది చూసి చెప్పడు.

ఆఫీసులో ఒకాయన, "మాక్స్‌వెల్ నాలుగు నెలల్లో వచ్చేశాడు, నువ్వేంటి?" అన్నాడు. నిజమే. 2022 నవంబర్‌లో పుట్టినరోజు పార్టీలో పడి కాలు విరగ్గొట్టుకున్న ఆస్ట్రేలియా క్రికెటర్ గ్లెన్ మాక్స్‌వెల్ 2023 మార్చిలో మన మీద వన్డే ఆడాడు, ఆపైన ఆర్సీబీకి చిన్నస్వామిలోనూ దిగాడు. ఆటే ఉద్యోగమైన వాడికి రోజంతా కాలు బాగుచేసుకోవడమే పని. నాకు సాయంత్రం మీటింగులయ్యాక మిగిలేది నలభై నిమిషాలు.

నన్నడిగితే పాదం బరువు మోసేదాకా ఇల్లు, బూట్ తీసిన వారం నుంచి క్లినిక్. నడక చాలు, ఆట అక్కర్లేదనుకునే పెద్దవాళ్లకు మొత్తం ఇంట్లోనే అయినా నష్టం లేదు, ఆ కొలతలు మాత్రం తీయించండి. ఏది ఎంచుకున్నా, ఒక కాలి పిక్క మాత్రమే గట్టిపడి నొప్పిగా వాచినా, ఆయాసం వచ్చినా ఫిజియో కోసం చూడకండి. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నిలబడి పనిచేసిన సాయంత్రం పాదం కొంచెం వాచడం మాత్రం నెలల తరబడి మామూలే.

నాకిప్పుడు ఏడో నెల. ఒంటికాలి మీద దూకడంలో కుడికాలు ఎడమదానిలో తొంభై శాతం దాటితేనే సింగిల్స్ అన్నారు, నాది 84 దగ్గర ఉంది. ఆదివారాలు డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడుతున్నాను, వెనక కోర్టంతా మా బావమరిదిదే.