సెక్షన్ల వారీ ట్రాఫిక్ చూడ్డానికి జీఏ4, మటోమో, ప్లాజిబుల్: ఏది ఎంతవరకు పనికొస్తుంది

సైట్ మొత్తానికి ఎంతమంది వచ్చారో, వచ్చినవాళ్ళని లెక్కపెట్టే ఇలాంటి ఏ టూల్ అయినా చెప్పేస్తుంది, దానికి రివ్యూ కూడా దండగ. బ్లాగ్‌కి ఎంత, ప్రోడక్ట్ పేజీలకి ఎంత, హెల్ప్ పేజీలకి ఎంత అని విడగొట్టి అడగండి, అప్పుడు తెలుస్తుంది ఏ టూల్ నీళ్ళు నములుతుందో. అందుకే ఈ రివ్యూలో ఆ ఒక్క పనే చూస్తున్నా, మిగతా ఫీచర్ల జోలికి పోను.

ముందే చెప్పేస్తున్నా, నేను చూసేది ఒక్కటే: పేజీకి సెక్షన్ పేరు ఎప్పుడు తగులుతుంది, డేటా లోపలికి వచ్చేటప్పుడా లేక మనం రిపోర్ట్ తెరిచినప్పుడా? వచ్చేటప్పుడే తగిలించేదైతే ఇవాళ సెట్ చేస్తే ఇవాళ్టి నుంచే లెక్క, పోయిన ఏడాది సంగతి మర్చిపోవాల్సిందే. చూసేటప్పుడు తగిలించేదైతే పాత డేటా మీద కూడా పని చేస్తుంది, పేర్లు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు.

గూగుల్ అనలిటిక్స్ తోనే మొదలెడదాం, ఎక్కువమంది దగ్గర ఉండేది అదే కాబట్టి. దాని పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్‌లో పేజీల్ని గుంపులు చేసే కంటెంట్ గ్రూపింగ్స్ అని 5 దాకా పెట్టుకోనిచ్చేవాడు, కోడ్ ముట్టుకోకుండా అడ్మిన్‌లోనే రూల్ రాసేస్తే సరిపోయేది, పైగా కంటెంట్ డ్రిల్‌డౌన్ అని ఒక రిపోర్ట్ ఉండేది, ఫోల్డర్ మీద నొక్కితే లోపలి ఫోల్డర్లు వచ్చేవి. 2023 జులై 1 నుంచి అందులో మామూలు ప్రాపర్టీలకి డేటా తీసుకోవడం ఆపేశారు, దాంతో ఇదంతా పోయింది. దాని స్థానంలో వచ్చిన జీఏ4లో (గూగుల్ అనలిటిక్స్ 4) మిగిలింది కంటెంట్ గ్రూప్ అనే ఒక్క పారామీటర్, అంటే డేటాతో వెళ్ళే ఒక చీటీ, అదీ పేజీ తెరిచిన ప్రతిసారీ వెళ్ళే పేజీ వ్యూతో పాటు మనమే పంపాలి. పంపని పేజీలన్నీ నాట్ సెట్ అనే వరసలో పడతాయి. పంపితే మాత్రం పేజెస్ అండ్ స్క్రీన్స్ రిపోర్ట్‌లో పేజీ పాత్ (అడ్రస్‌లో సైట్ పేరు తర్వాతి భాగం) బదులు కంటెంట్ గ్రూప్ ఎంచుకోవచ్చు, అక్కడ చూడ్డానికి బానే ఉంటుంది. రచయిత, ఆర్టికల్ రకం లాంటి రెండో విభజన కావాలంటే కస్టమ్ డైమెన్షన్, అంటే మనం సొంతంగా పెట్టుకునే విభజన, చేసుకోవాలి, ఉచిత వెర్షన్‌లో ఈవెంట్ స్థాయివి 50 దాకా ఇస్తారు కాబట్టి ఆ లోటు లేదు.

ఈ పారామీటర్ పంపడానికి తేలిక దారి గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో (సైట్‌లోని ట్రాకింగ్ కోడ్‌ని నడిపే టూల్) రెజెక్స్ టేబుల్ వేరియబుల్, రెజెక్స్ అంటే అక్షరాల ప్యాటర్న్ రాసే పద్ధతి. పేజీ పాత్ ఇన్‌పుట్‌గా ఇచ్చి, ఈ ప్యాటర్న్ వస్తే ఈ సెక్షన్ అని వరసగా రాసుకోవడమే. పైనుంచి కిందికి చూసుకుంటూ మొదట కుదిరిన దాన్నే తీసుకుంటుంది కాబట్టి బ్లాగ్‌లో ఉన్న గైడ్స్‌ని విడిగా చూపించాలంటే ఆ వరస బ్లాగ్ కంటే పైన ఉండాలి. ఏదీ కుదరకపోతే ఏమివ్వాలో డిఫాల్ట్ విలువ కూడా పెట్టండి, ఇతరాలు అనో ఏదో, లేకపోతే కొత్తగా పుట్టిన సెక్షన్ ఎవరికీ కనపడకుండా ఉండిపోతుంది. ఇంకోటి, జీఏ4లో ఎక్స్‌ప్లోర్ (మనమే సొంత రిపోర్టులు అల్లుకునే చోటు) డేటా నిలవ ఉంచే గడువు మొదట 2 నెలలే ఉంటుంది, 14 నెలలకి మార్చుకునే వీలుంది, ప్రాపర్టీ (మీ సైట్ పేరున తెరిచే ఖాతా) తెరిచిన రోజే మార్చేయండి.

ట్యాగ్ మేనేజర్ తలనొప్పి వద్దనుకునేవాళ్ళకి, జీఏ4 డేటాతో రిపోర్టులు గీసే గూగుల్ టూల్ లుకర్ స్టూడియో ఉంది. అక్కడ కేస్ ఫార్ములాతో (ఇలా ఉంటే ఈ పేరు అని రాసే ఫార్ములా) పేజీ పాత్‌ని సెక్షన్లుగా మార్చొచ్చు, ఇది చూసేటప్పుడు జరిగే పని కాబట్టి పాత డేటాకి కూడా వర్తిస్తుంది. కాకపోతే రెజెక్స్ మ్యాచ్ అన్న ఫంక్షన్ మొత్తం పాత్‌తో సరిపోవాలంటుంది, రెజెక్స్ కంటెయిన్స్ అయితే మధ్యలో ఎక్కడున్నా చాలంటుంది. ఆ తేడా తెలీక సున్నాలు చూసి బుర్ర గోక్కునేవాళ్ళు చాలామంది.

మటోమో సంగతి వేరు. పేజీల రిపోర్ట్ తెరిస్తే యూఆర్ఎల్‌ని స్లాష్ దగ్గర తనే విరిచి ఫోల్డర్ల చెట్టులా చూపిస్తుంది, ఏమీ సెట్ చేయక్కర్లేదు. యూఆర్ఎల్‌లు పద్ధతిగా ఉన్న సైట్‌కి దీన్ని మించింది నాకు కనపడలేదు, నా ఓటు దీనికే. ఒక సెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో కావాలంటే పేజీ యూఆర్ఎల్‌లో ఫలానా ముక్క ఉంటే అని సెగ్మెంట్ (వడపోత) చేసుకుంటే మిగతా రిపోర్టులన్నీ దాని ప్రకారం మారతాయి. పెద్ద సైట్లకి ఒక చిక్కు, ఒక్కో ఫోల్డర్‌లో మొదటి 100 వరసలే దాచి మిగతావి ఇతరాల్లో కలిపేయడం దీని డిఫాల్ట్, మీ సొంత సర్వర్‌లో పెట్టుకుంటే కాన్ఫిగ్ ఫైల్‌లో పెంచుకోవచ్చు, పెంచినకొద్దీ డేటాబేస్ బరువెక్కుతుంది మరి. పోస్టులన్నీ ఫోల్డర్ లేకుండా రూట్‌లోనే, అంటే సైట్ పేరు పక్కనే, ఉన్న సైట్‌కి మాత్రం ఈ చెట్టు వల్ల లాభం లేదు.

ప్లాజిబుల్ చిన్న సైట్లకి హాయి. పేజీ అడ్రస్‌లో బ్లాగ్ అనే ముక్క ఉన్నవే కావాలని ఫిల్టర్ చేస్తే డాష్‌బోర్డ్ మొత్తం ఆ సెక్షన్‌దే అయిపోతుంది. ఒకసారికి ఒక సెక్షనే కనిపిస్తుంది, పక్కపక్కన చూడాలంటే ఒక్కో సెక్షన్‌కి దాని పాత్ చివర స్టార్ (ఆ తర్వాత ఏదున్నా సరే అని గుర్తు) పెట్టి పేజీ వ్యూ గోల్, అంటే విడిగా లెక్కపెట్టే లక్ష్యం, పెట్టుకోవాలి, కోడ్ మార్చే పని లేదు. లోతుగా తవ్వాలనుకునేవాళ్ళకి ఇది చాలదు. ఇక అడోబీ అనలిటిక్స్‌లో సైట్ సెక్షన్స్ అనే డైమెన్షనే విడిగా ఉంది, కాకపోతే చిన్న సైట్ నడిపేవాళ్ళకి దాని అవసరం రాదు.

ఏ టూల్ కొన్నా ఒక తిరకాసు తప్పదు. సెక్షన్ల యూజర్లని కూడితే సైట్ మొత్తం కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఒకే మనిషి బ్లాగ్ చదివి ప్రోడక్ట్ పేజీకి వెళ్తే రెండు చోట్లా లెక్కకొస్తాడు, సెషన్లూ (సైట్‌కి ఒక్కో రాక ఒక సెషన్) అంతే. వ్యూస్ మాత్రమే నిఖరంగా కూడతాయి. ఏ సెక్షన్‌ది ఎంత వాటా అని గుండ్రటి చార్ట్ గీయాలంటే వ్యూస్‌తో గీయండి, ఏ సెక్షన్ కొత్త జనాన్ని లాక్కొస్తోందో తేలాలంటే ల్యాండింగ్ పేజీ (సైట్‌లో మొదట అడుగుపెట్టిన పేజీ) ప్రకారం సెషన్లు చూడండి. ఈ రెండు లెక్కలూ ఎడమొహం పెడమొహంగా ఉండొచ్చు, హెల్ప్ పేజీలకి వ్యూస్ బోలెడు ఉండి సైట్‌లోకి అడుగు మాత్రం అందరూ బ్లాగ్ నుంచే పెడుతూ ఉండొచ్చు.

ఇక సైట్ రీడిజైన్ చేసి యూఆర్ఎల్‌లు మార్చే ఉద్దేశం ఉన్నవాళ్ళు లుకర్ స్టూడియో దారే పట్టుకోండి, అదే కేస్ ఫార్ములాలో పాత పాత్‌ని, కొత్త పాత్‌ని ఒకే సెక్షన్ పేరు కింద రాసేస్తే గ్రాఫ్ మధ్యలో తెగకుండా వస్తుంది.