పాత డిస్కుల పెట్టెలో చెయ్యి పెడితే: వీసీడీనా, డీవీడీనా, బ్లూ-రేనా?

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఆ వరసలో అక్కడక్కడా ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. దాని నిండా డిస్కులు. మూతపడిన సీడీ షాపుల స్టాకు కొంత, ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసినవి కొంత. నేను కొన్నవాటిలో ఎక్కువ 10, 20 రూపాయలవే, అట్ట కూడా బాగున్నవి 50. అంత చవకగా దొరుకుతుంటే బేరమెందుకు, సంచి నింపేసుకుందాం అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే నింపుకొచ్చాను. ఇంటికొచ్చి ఒక్కొక్కటే వేసి చూస్తే చాలావరకు మధ్యలో ఆగిపోయేవి, లేదా బొమ్మ చూడలేనంత మసకగా వచ్చేవి. చవక అని కొన్నవే ఖరీదైపోయాయి. అప్పటి నుంచి ఏది తీయాలో, ఏది వదిలేయాలో ఓపిగ్గా నేర్చుకుంటూ వచ్చాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో తక్కువ ఖర్చుతో సినిమాలు పోగు చేసుకోవాలంటే ఒక డిస్కులో ఒకే సినిమా ఉన్న ఒరిజినల్ డీవీడీ మేలు. వీసీడీ, అంటే సీడీ మీదే సినిమా ఎక్కించిన పాత రకం, కొనాల్సింది డీవీడీగా ఎక్కడా దొరకని సినిమాకు మాత్రమే. బ్లూ-రే, అంటే డీవీడీ తర్వాత వచ్చిన ఇంకా స్పష్టమైన రకం, ఏరి కోరి నాలుగైదు చాలు.

ఫోన్లో అన్నీ ఉండగా డిస్కులెందుకని మా ఇంటికొచ్చినవాళ్లు అడుగుతుంటారు. అన్నీ ఉండవు. అమ్మకు ఇష్టమైన ఒక పాత సినిమా పోయిన సంక్రాంతికి ఒక యాప్‌లో ఉంది, ఉగాదికి వెతికితే లేదు. హక్కుల గడువు అయిపోతే తీసేస్తారు, మనకు చెప్పి తీయరు. ఉన్నదైనా అసలు రూపంలో ఉంటుందన్న హామీ లేదు. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్దినప్పుడు నిడివి తగ్గింది, కొన్ని పాటలు పోయాయి. పూర్తి సినిమా కావాలంటే నలుపు తెలుపు ప్రతి చేతిలో ఉండాలి. అటక మీద ఉన్న డిస్కును ఎవరూ వచ్చి తీసుకుపోరు. ఇంటర్నెట్ లేని రోజున కూడా అది ఆడుతుంది.

ఇక పోలిక. ఈ మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే సైజు. తేడా అంతా బొమ్మ దాచిన పొర డిస్కులో ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. పాత సరుకు కొనేవాళ్లకు ఇదే అసలు విషయం.

వీసీడీలో ఆ వెండి పొర పైవైపున, అంటే సినిమా పేరు అచ్చేసిన వైపున ఉంటుంది. దాని మీద పల్చటి లక్క పూత, ఆ పైన ప్రింటు, అంతే. అందుకని అందరూ అడుగు చూసి గీతలు లేవని కొనేస్తారు కానీ, వీసీడీకి ప్రాణాపాయం పైనుంచే. అద్దెకిచ్చే షాపులవాళ్లు డిస్కు మీద నంబరు స్టిక్కరు అంటించేవారు. ఆ స్టిక్కరు పీకితే దానితో పాటు వెండి పొర కూడా పెచ్చులా లేచి వచ్చేస్తుంది. అలాంటి డిస్కును నేను ఒకసారి ఎండకెత్తి చూశాను. గోరంత మేర అటువైపు ఆకాశం కనిపించింది. ఆ గోరంతలో పాటో, ఫైటో ఏదో ఒకటి పోయినట్టే. ఏ వీసీడీ అయినా వెలుతురుకెత్తి చూడండి. సూది బెజ్జాల్లా చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే వెంటనే పక్కన పెట్టేయండి. దాన్ని ఏ పాలిషూ బాగు చేయలేదు.

డీవీడీ అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలను అతికించి చేస్తారు. బొమ్మ ఉన్న పొర ఆ రెంటి మధ్యలో భద్రంగా ఉంటుంది. పైన స్టిక్కరు పీకినా ఏమీ కాదు. అడుగున పడిన సన్న గీతలు చాలావరకు ఇబ్బంది పెట్టవు. 15, 20 ఏళ్ల డీవీడీలు మా ఇంట్లో ఇప్పటికీ ఆడుతున్నాయి. గీతల్లోనూ మంచీ చెడూ ఉన్నాయి. మధ్య నుంచి అంచుకు పడిన గీతను ప్లేయర్ దాటేస్తుంది. గుండ్రంగా, డిస్కు తిరిగే దారి వెంట పడిన గీతే ప్రమాదం. తుడిచేటప్పుడు కూడా మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి కానీ పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు.

బ్లూ-రేలో ఆ పొర అడుగుకు మరీ దగ్గర, 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది. అందుకే పైన గట్టి పూత వేస్తారు, మామూలు గీతలు పడవు. కానీ లోతుగా ఒక్కటి పడిందంటే పాలిష్ చేసి గట్టెక్కించడానికి అక్కడ మందమే లేదు.

బొమ్మ నాణ్యత సంగతికొస్తే వీసీడీ మన దేశపు టీవీల పద్ధతిలో (దాన్ని పాల్ అంటారు) అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. డీవీడీ 720కి 576. బ్లూ-రే 1920కి 1080. పాత 21 అంగుళాల డబ్బా టీవీలో వీసీడీ బాగానే కనిపించేది. ఇప్పుడు 43 అంగుళాల టీవీలో వేస్తే మొహాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి. పైగా ఒక వీసీడీలో పట్టేది 80 నిమిషాల లోపే కాబట్టి తెలుగు సినిమాకు రెండు, మూడు డిస్కులు కావాలి. పాత పెట్టెలో అవన్నీ కలిసి దొరకడం అదృష్టం. ఒకసారి అట్ట మీద రెండు డిస్కులని చూసి తెచ్చుకుంటే లోపల రెండూ మొదటి భాగాలే. ఇంటర్వెల్ దాకా చూసి అమ్మ లేచి వెళ్లిపోయింది. తర్వాతి వారం వెళ్లి అడిగితే అమ్మే అన్న, "అన్నా, చూస్కోని తీస్కోవాలె గదా, వాపస్ లేదు" అన్నాడు. 20 రూపాయల సరుకుకు ఆయన మాత్రం ఏం చేస్తాడు? అట్ట తెరిచి చూసుకోవాల్సింది నేను.

అయినా వీసీడీని పూర్తిగా కొట్టిపారేయలేను. పద్య నాటకాలు, బుర్రకథలు, హరికథలు, ఎవరూ పట్టించుకోని చిన్న సినిమాలు కొన్ని వీసీడీ దాకా వచ్చి అక్కడితో ఆగిపోయాయి. అవి కనిపిస్తే బొమ్మ మసకగా ఉన్నా తీసేసుకోండి. ఇంటికి రాగానే కంప్యూటర్లో వేసి, ఎంపెగావ్ (MPEGAV) అనే ఫోల్డర్లో పేరు చివర .DAT అని ఉన్న ఫైళ్లను కాపీ చేసుకోండి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో అవి నేరుగా ఆడతాయి.

డీవీడీలోనూ మోసపోయే చోట్లు ఉన్నాయి. పెద్దది త్రీ-ఇన్-వన్. ఒక డిస్కులో మూడు సినిమాలు, అట్ట మీద ముగ్గురు హీరోలు, 30 రూపాయలు. లెక్క వేసి చూడండి. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండున్నర గంటల సినిమాలు మూడంటే ఏడున్నర గంటలు. ఆ చోటును అంతసేపటికి పంచితే సెకను సినిమాకు దక్కే సమాచారం దాదాపు 1.4 మెగాబిట్లు. వీసీడీకి కూడా బొమ్మ, శబ్దం కలిపి అంతే వస్తుంది. అంటే డీవీడీ అట్టలో వీసీడీని కొంటున్నట్టు లెక్క. రెండు పొరల డిస్కయితే 8.5 జీబీ కాబట్టి కాస్త నయం, అయినా ఇరుకే. అదే డిస్కులో ఒక్క సినిమానే ఉంటే ఆ చోటంతా దానిదే. మూడు సినిమాల డిస్కు కన్నా ఒక సినిమా డిస్కుకు ఎక్కువ ధర పెట్టడానికి నేను వెనకాడను.

రెండోది కాపీ డిస్కు. తిప్పి చూడగానే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కు అడుగు వెండిలా, రెండు పొరలదైతే లేత బంగారంలా ఉంటుంది. కంప్యూటర్లో రాసింది ఊదా రంగు తిరుగుతుంది. ఆ ఊదా రంగు పొర రసాయనం, కాలం గడిచేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ చెడిపోతుంది. దొంగ సరుకన్నది ఒక తప్పయితే, నాలుగేళ్లు నిలుస్తుందన్న నమ్మకం లేకపోవడం ఇంకొకటి. అట్ట మీద కలర్ జిరాక్స్ లాంటి మసక ప్రింటు ఉన్నా అనుమానించండి.

ఒరిజినల్స్‌లో ఎక్కువగా తగిలేవి మోసర్ బేర్ కంపెనీవి. 2007 ప్రాంతంలో వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు దింపారు. అంతకుముందు అద్దెకు తెచ్చుకున్న ఇళ్లవాళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టింది అప్పుడే. ఆ కంపెనీ 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది, డిస్కులు మాత్రం ప్రతి పాత పెట్టెలోనూ ఉన్నాయి. వాటికన్నా నేను ముందు చేయి చాపేవి అమెరికా తెలుగువాళ్ల కోసం తీసిన డీవీడీలు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి, శబ్దం బాగుంటుంది. తెలుగు సరిగా రాని మనవలు సెలవులకు వస్తే వాళ్లతో కలిసి చూడటానికి ఇవే పనికొస్తాయి.

అట్ట మీద నిడివి తక్కువ కనిపిస్తే కోసేశారని కంగారు పడకండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ డిస్కు 25. ఆ వేగానికి 160 నిమిషాల సినిమా 154 నిమిషాల్లోపే అయిపోతుంది. అంతకన్నా తగ్గితేనే ఏదో పోయినట్టు. ఇంకొక చికాకు, తొలి రోజుల డీవీడీలు కొన్ని పాత టీవీల కోసం చేసినవి. వెడల్పు టీవీలో వేస్తే నాలుగు వైపులా నల్ల పట్టీలు వచ్చి మధ్యలో చిన్న బొమ్మ ఆడుతుంది. రిమోట్‌లో జూమ్ నొక్కితే సరిపోతుంది, కాస్త మసకబారుతుందంతే.

బ్లూ-రే అందం బ్లూ-రేదే, కాదనను. కానీ తెలుగులో వచ్చినవి కొద్ది, పాత సరుకులో దొరికేవి ఇంకా కొద్ది, దానికి ప్లేయర్ వేరే కావాలి. పాత నెగటివ్‌ను మళ్లీ స్కాన్ చేసి బాగుచేసిన సినిమా అయితే డబ్బు పెట్టొచ్చు. ఉన్న డీవీడీ బొమ్మనే సాగదీసి బ్లూ-రేలో పెట్టినవి కూడా ఉంటాయి, వాటికి పెట్టిన డబ్బు దండగ.

సీరియళ్ల దగ్గర లెక్క మారుతుంది. సినిమా డిస్కు ఒకటి పోతే ఒక సినిమా పోతుంది. సీరియల్ సెట్‌లో ఒకటి పోతే మిగతాదంతా కుంటుతుంది. రామానంద్ సాగర్ రామాయణం 78 భాగాలు. అందులో నాలుగు భాగాల డిస్కు లేకపోతే, పిల్లలకు కథ చెబుతూ చూపిస్తున్నప్పుడు సరిగ్గా అక్కడే ఆగిపోతాం. అందుకే సీరియల్ కొంటే పూర్తి సెట్టే కొనాలి, విడి భాగాలు తర్వాత చూసుకుందాం అనుకుంటే అవి ఎప్పటికీ దొరకవు. కొనేటప్పుడు డిస్కుల సంఖ్య లెక్కపెట్టడం చాలదు, ఒక్కొక్క దాని మీద నంబరు చదవాలి. నేను తెచ్చుకున్న ఒక ఇంగ్లిష్ సిరీస్ పెట్టెలో డిస్కులు సరిగ్గానే ఉన్నాయి, కానీ నాలుగో అరలో వేరే సీజన్ డిస్కు పెట్టి ఉంది.

విదేశీ సిరీస్‌లు మన దగ్గర పాత పెట్టెల్లో తక్కువ. బ్రిటన్‌లో చారిటీ షాపుల్లో, అమెరికాలో లైబ్రరీ సేల్స్‌లో కారుచవకగా వస్తాయి కాబట్టి అక్కడున్న అన్నయ్యకో, మరదలికో చెప్పి తెప్పించుకుంటున్నవాళ్లు ఉన్నారు. తెప్పించే ముందు రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. డీవీడీకి మనది 5, అమెరికాది 1, బ్రిటన్‌ది 2. బ్లూ-రేకు మనది సి, అమెరికాది ఎ, బ్రిటన్‌ది బి. రీజియన్ తాళం లేని ప్లేయర్ ఉంటే సరే, లేకపోతే పెట్టె షోకేసులో ఉండిపోతుంది. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు కానీ సాధారణంగా అయిదుసార్లే, అయిదోసారి ఏది పెడితే అదే శాశ్వతం. బ్లూ-రేలోనే ఇంకా స్పష్టమైన 4కే డిస్కులకు మాత్రం ఈ గొడవ లేదు.

ఫుట్‌పాత్ మీద కొనాలా, ఆన్‌లైన్లోనా అంటే, 20 రూపాయల డిస్కుకు 60 రూపాయల పోస్టేజీ పెట్టి, చేతితో తిప్పి చూడకుండా కొనడం నాకు నచ్చదు. పెద్ద సెట్లకు ఆన్‌లైన్ సరే, అడుగు వైపు ఫోటో పంపమని అడగండి. పంపనన్నవాళ్ల దగ్గర కొనకండి. అన్నిటికన్నా మంచి సరుకు తెలిసినవాళ్ల బీరువాల్లో ఉంటుంది. ఒక్కరే వాడినవి, అట్టతో సహా. ఇల్లు మారుతున్నారని తెలిస్తే మొహమాటపడకుండా అడగండి.

డిస్కుల కన్నా నాకిప్పుడు టెన్షన్ ప్లేయర్‌తోనే. కొత్త టీవీల్లో చాలావాటికి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పెట్టే రంధ్రాలు లేవు. హెచ్‌డీఎంఐ (కొత్త టీవీలకు బొమ్మ, శబ్దం ఒకే వైరుతో ఇచ్చేది) ఉన్న డీవీడీ ప్లేయర్ పాతదైనా సరే, పనిచేసేది కనిపిస్తే తీసేసుకోండి. మామూలుదే ఉంటే ఆ మూడు రంగుల వైర్ల నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా అమ్ముతారు. నేను ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేటప్పుడు ఒక మంచి డీవీడీ, ఒక గీతలు పడిన డీవీడీ, ఒక వీసీడీ సంచిలో వేసుకెళ్తాను. మూడూ ఆడితేనే ఆ ప్లేయర్‌కి డబ్బులిస్తాను. అలా కొన్నవి ఇంట్లో రెండున్నాయి. ఒకటి టీవీ కింద, ఇంకొకటి అటక మీద పాత చీరలో చుట్టి.